మద్దతు ధరకు అమ్మిన పత్తి డబ్బులు పట్టాదారు పేరున జమ: కౌలు రైతు ఎవరిని అడగాలి?

చెల్క_పత్తి:
అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి వరంగల్ జిల్లా. సొంత భూమి ఎకరం లోపే. ఈ 2025 వానాకాలం నాన్న నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి వేశాడు. పట్టాదారు మా ఊరాయనే, కానీ పిల్లల దగ్గర హైదరాబాద్‌లో ఉంటున్నాడు. మొదటి ఏరుడు పత్తిని కొనుగోలు కేంద్రంలో అమ్మాం. స్లాట్ ఆయన పేరు మీద, భూమి పాస్‌బుక్ ఆయనది, ఆధార్ ఆయనది. ఓటీపీ కూడా ఫోన్ చేసి చెప్పించుకున్నాం. కాంటా అయింది, తూకం, తేమ రాసిన తక్‌పట్టీ చీటీ చేతికిచ్చారు.

నెల దగ్గర పడుతోంది. ఆన్‌లైన్‌లో చూస్తే డబ్బులు జమ అయినట్టే చూపిస్తోంది. ఆయన్ని అడిగితే "నా ఖాతాలో రూపాయి పడలేదు, కావాలంటే బ్యాంకు పుస్తకంలో ఎంట్రీ చేయించి ఫొటో పెడతా" అన్నాడు, పెట్టాడు కూడా. నిజంగానే పడలేదు. అబద్ధమాడే మనిషి కాదు. నాన్నకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఎరువుల దుకాణంలో బాకీ ఉంది, పత్తి ఏరినవాళ్లకు సగం కూలి ఇవ్వాల్సి ఉంది. వాళ్లు రోజూ ఇంటి ముందు నుంచే పోతారు, అడగరు, అదే నాన్నకు ఇంకా కష్టంగా ఉంది.

ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం, రైతు భరోసా, కూడా ఆయనకే పడింది. దాని గురించి మేం నోరెత్తలేదు. ముందు ఈ పత్తి డబ్బులు ఎక్కడున్నాయో తెలుసుకునే దారి చెప్పండి.

బ్యాంకు_మిత్ర:
తమ్ముడూ, కంగారు పడకు. ఇలాంటి కేసులు నా దగ్గరికి ప్రతి సీజన్‌లో వస్తాయి. డబ్బు ఎక్కడికీ పోలేదు, ఆయన పేరు మీదే వేరే బ్యాంకులో ఉండి ఉంటుంది.

పత్తి డబ్బులు ఆధార్ ఆధారంగా పంపిస్తారు. అలా పంపే డబ్బుకు ఖాతా నంబరుతో పని లేదు. ఒకాయనకు నాలుగు బ్యాంకుల్లో ఖాతాలున్నా బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఆ ఆధార్‌కు ఒక్క బ్యాంకు పేరే ఉంటుంది. చివరగా ఏ బ్యాంకులో ఆధార్ సీడింగ్‌కు, అంటే ఖాతాకు ఆధార్ ముడిపెట్టడానికి, ఒప్పుకుని సంతకం పెట్టారో ఆ బ్యాంకుకే డబ్బు పోతుంది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో ఆ గడి దగ్గర టిక్కు పెట్టించుకుంటారు. పెట్టినాయనకు అది గుర్తు కూడా ఉండదు.

పట్టాదారును మై ఆధార్ సైట్‌లో తన నంబరుతో లాగిన్ అవ్వమను. అక్కడ బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది. నొక్కితే బ్యాంకు పేరు, సీడింగ్ పనిచేస్తోందా లేదా, ఎప్పుడు మారింది అన్నీ వస్తాయి. ఆధార్‌కు లింకైన ఫోన్ ఆయన చేతిలో ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. బ్యాంకు పేరు తెలిశాక ఆధార్ కార్డు పట్టుకుని ఆ బ్యాంకు ఏ బ్రాంచికి వెళ్లినా ఖాతా వివరాలు చెప్తారు.

ఒక జాగ్రత్త. ఇప్పుడు కంగారులో సీడింగ్ మార్పిస్తే పాత డబ్బు కొత్త ఖాతాలోకి రాదు. ఇక ముందు వచ్చేవి మాత్రమే మారతాయి. ముందు పాత ఖాతా దొరకబట్టండి.

నల్లరేగడి:
మాది ఆదిలాబాద్ వైపు. బ్యాంకు అన్న చెప్పింది అక్షరాలా నిజం. మా బాబాయికి పీఎం కిసాన్ రెండు వేలు కూడా ఇట్లాగే ఎప్పుడో మరిచిపోయిన ఖాతాలో పడుతూ వచ్చాయి.

తమ్మీ, తక్‌పట్టీలో తేమ ఎంత రాశారో చూశావా? ఈ 2025-26 సీజన్‌లో పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110, మధ్యరకం పింజకు 7,710. కానీ 8,110 అంటే 8 శాతం తేమకే. ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం ధర కోస్తారు. 12 శాతం ఉంటే చేతికొచ్చేది 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే బండి వెనక్కే.

ఆ మీటరు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. ట్రాలీ పైపొర ఎండకు పెళపెళలాడుతుంటుంది. అక్కడ పెడితే 10 చూపిస్తుంది. చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు పత్తి తీసి పెడితే 13. పొద్దున మంచులో వచ్చిన బండికి ఒక అంకె, అదే బండి మధ్యాహ్నం దాకా విప్పి ఆరబోస్తే ఇంకో అంకె. కొనుగోలు కేంద్రం ఉండే మిల్లు ఆవరణలో ఆరబోసుకునే జాగా ఎంతమందికి ఉంటుంది? రాత్రంతా ట్రాక్టర్ కిరాయి మీద పడుతుంటే రైతు ఏ అంకెకైనా తలూపుతాడు.

చెల్క_పత్తి:
చాలా థాంక్స్ అన్నా. తేమ 11 రాశారు. 14 క్వింటాళ్లు అయింది. లక్షా పది వేల చిల్లర రావాలి. పట్టాదారుకు మీరు చెప్పింది వాట్సాప్‌లో పెట్టాను. ఆదివారం కొడుకు ఇంటికొస్తాడట, అప్పుడు చూస్తా అన్నాడు.

లెక్కల_మనిషి:
కౌలు రైతులంటే నాకూ గౌరవమే. కానీ ఒక మాట. ప్రభుత్వం పట్టాదారు ఖాతాలో వేయడంలో తప్పేముంది? భూమి రికార్డు ఒక్కటే చేతిలో ఉన్న ఆధారం. కౌలు నోటి మాట మీద నడుస్తుంది, ఏటా మారుతుంది. రేపు ఒకే నాలుగెకరాల మీద ముగ్గురొచ్చి మేమే సాగుదార్లం అంటే ఎవరు తేలుస్తారు? 2018 మే నెలలో రైతు బంధు మొదలైనప్పుడే ఈ గొడవ వద్దని కౌలుదార్లను పక్కన పెట్టారు. అప్పుడు ఎకరానికి సీజన్‌కు 4,000, తర్వాత 5,000, ఇప్పుడు రైతు భరోసాలో 6,000. అన్నీ పాస్‌బుక్ ప్రకారమే. అందుకే అంత త్వరగా లక్షల మందికి చేరాయి.

నల్లరేగడి:
లెక్కల అన్నా, రెండూ కలిపి మాట్లాడకండి. రైతు భరోసా ప్రభుత్వం ఇచ్చే సాయం, అది భూమికి ఇవ్వాలా సాగుకు ఇవ్వాలా అన్నది వాదించుకోవచ్చు. పత్తి డబ్బు సాయం కాదు. ఆ తమ్ముడి తండ్రి గింజ పెట్టి, మందు కొట్టి, గులాబీ పురుగుతో కొట్లాడి, ఏరించి, తీసుకుపోయి అమ్మిన సరుకు ధర అది. సరుకు ఒకరిది, సొమ్ము ఇంకొకరి పేరు మీద. ఏ వ్యాపారంలో ఉంది ఇది?

ఎవరు సాగుదారో తేల్చలేం అంటున్నారు. ప్రతి వానాకాలం ఏఈఓలు, అంటే వ్యవసాయ విస్తరణ అధికారులు, పంట నమోదు చేస్తారు. ఏ సర్వే నంబరులో ఏ పంటో రాసుకునే మనిషికి, ఆ చేలో నిలబడ్డది ఎవరో అడగడం అంత కష్టమా? ఊళ్లో ఎవరి భూమి ఎవరు చేస్తున్నారో తెలియని మనిషి ఉంటాడా?

ఎకరం లెక్క చూడండి. బీజీ-2 పత్తి విత్తనాల ప్యాకెట్ ఈ 2025లో 901 రూపాయలు, ఎకరానికి రెండు పడతాయి. మా దగ్గర మంచి నల్లరేగడికి కౌలే పదిహేను నుంచి ఇరవై వేలు. ఏరుడు కూలి కిలోకు పన్నెండుకు తక్కువ లేదు. ఇవన్నీ కౌలుదారు జేబులోంచి. పెట్టుబడి సాయం అని పేరు పెట్టిన డబ్బు పెట్టుబడి పెట్టని మనిషికి పోతోంది. నాకు కోపం పట్టాదారు మీద కాదు, ఆ నిబంధన మీద.

పట్టా_నాదే:
నేను పట్టాదారును. కరీంనగర్ జిల్లాలో ఆరెకరాలు కౌలుకిచ్చాను. మా వైపు మాట కూడా వినండి.

మా తాత కాలంలో కౌలుకిచ్చిన భూమి తిరిగి రాలేదు. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల పేర్లు రికార్డుకెక్కాయి. తర్వాత ఆ కౌలుదార్లకే యాజమాన్యం ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆ కేసులు కొన్ని ఇప్పటికీ కోర్టుల్లో నడుస్తున్నాయి. చట్టం మంచికే వచ్చింది, నేను కాదనను. ఎన్నో పేద కుటుంబాలకు భూమి దక్కింది. కానీ ఆ భయం మా ఇళ్లలో ఉండిపోయింది. కౌలు కాగితం మీద సంతకం అంటే మా అమ్మ ఇప్పటికీ వద్దంటుంది.

నేను చేసేది ఇది. పత్తి డబ్బులు పడ్డ రోజే కౌలు రైతుకు పంపిస్తాను. రైతు భరోసా వచ్చినప్పుడు కౌలులో సగం తగ్గిస్తాను. అందరూ అలా చేయరని నాకు తెలుసు. ఇది నా ఇష్టం మీద నడుస్తోంది. రేపు నా పిల్లలు ఏం చేస్తారో చెప్పలేను.

టీచరమ్మ_ఖమ్మం:
పట్టాదారు గారూ, మనసు విప్పి రాశారు. నేను చూసినది ఒకటి చెప్తాను.

మా బడిలో ఇద్దరు పిల్లలున్నారు, అన్నాచెల్లెలు. వాళ్ల నాన్న కౌలుకు పత్తి చేసేవాడు. పోయిన ఏడాది పాము కరిచి చేలోనే పోయాడు. రైతు బీమా కింద ఐదు లక్షలు వస్తాయని ఊళ్లో ఎవరో చెబితే వాళ్లమ్మ కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టుకుని నా దగ్గరకొచ్చింది. ఆధార్, రేషన్ కార్డు, మరణ ధ్రువీకరణ పత్రం, విత్తనాల బిల్లులు. ఆ బిల్లులు వరుసగా సర్ది రబ్బర్ బ్యాండ్ వేసి తెచ్చింది, ఆయన పత్తి రైతేనని చూపించడానికి. పాస్‌బుక్ ఉందా అని అడగాల్సి వచ్చింది నాకు. 2018 నుంచి ఉన్న పథకం అది, 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. కానీ పట్టా ఉన్నవాళ్లకే. ఆమెకు రూపాయి రాలేదు.

పెట్టుబడి సాయం భూమికి ముడిపెడితే దానికో వాదన ఉందేమో. చేలో చనిపోయిన మనిషికి కూడా పట్టా ఉండాలా? ఎవరైనా నాకు సమాధానం చెప్పండి.

లెక్కల_మనిషి:
అమ్మా, దీనికి నా దగ్గర సమాధానం లేదు. బీమా విషయంలో మీరన్నదే న్యాయం.

ఆదోని_అన్న:
నాది కర్నూలు జిల్లా. మా వైపు ఎలా ఉందో చెప్తాను, ఇక్కడంతా బాగుందని కాదు.

ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. కార్డు ఏడాది పాటే పనిచేస్తుంది, భూమి మీద హక్కు రాదు అని అందులో స్పష్టంగా ఉంది. మా దగ్గర 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందం, సీసీఆర్సీ అనే సాగుదారు హక్కు కార్డు. యజమాని సంతకం తప్పనిసరి. అక్కడే చాలామందికి ఆగిపోతుంది. పట్టాదారు గారు చెప్పిన భయమే ఇక్కడా. కార్డు దొరికినవాడికి మాత్రం మేలుంది. ఈ-పంట అనే పంట నమోదులో సాగుదారు పేరు ఎక్కుతుంది, దాంతో అమ్మకానికి దారి దొరుకుతుంది. అన్నదాత సుఖీభవ 2025 ఆగస్టు 2న మొదలైంది, పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 20,000. కౌలు రైతులకూ ఇస్తామన్నారు, కానీ దానికీ కార్డే మూలం.

పీఎం కిసాన్ ఎక్కడైనా భూమి ఉన్నవాళ్లకే. 2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డులో పేరుండాలి. ఆ తర్వాత కొన్నవాళ్లకు కూడా రాదు, వారసత్వంగా వస్తే తప్ప.

నల్లరేగడి:
2011 చట్టం మా దగ్గరా ఉన్నదే అన్నా. కార్డులివ్వడమే చాలా ఊళ్లలో ఆగిపోయింది. 2022 మే నెలలో వరంగల్ రైతు డిక్లరేషన్‌లో కాంగ్రెస్ వాళ్లు రైతుకూ కౌలు రైతుకూ ఎకరానికి ఏడాదికి 15,000 అన్నారు. 2025 జనవరి 26న మొదలైంది పట్టాదారులకు 12,000. భూమి లేని కూలీలకు ఆత్మీయ భరోసా అని పెట్టారు, దానికి ఉపాధి హామీలో కనీసం 20 పనిదినాలు ఉండాలన్నారు. మధ్యలో కౌలు రైతు ఏ గడిలోనూ పట్టలేదు. ఎకరం సొంతం ఉంటే కూలీ కాడు, నాలుగెకరాలు కౌలు చేస్తే రైతూ కాడు.

జిన్నింగ్_యార్డ్:
పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. పోయిన ఏడాది దాకా పట్టా లేనివాళ్లు ఏఈఓ ఇచ్చే టీఆర్ మీద, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద అమ్ముకునేవాళ్లు. దాన్ని అడ్డం పెట్టుకుని దళారులు చౌకగా కొన్న పత్తిని రైతుల పేర్ల మీద అమ్మారు. గొడవై విచారణలు జరిగాయి. ఈ ఏడు స్లాట్లు పెట్టే కపాస్ కిసాన్ యాప్ వచ్చి అంతా రికార్డు మీదకు ఎక్కింది. దళారికి అడ్డుకట్ట పడాల్సిందే. కానీ అదే తలుపు అసలు కౌలు రైతు ముఖం మీద కూడా మూసుకుంది.

ఎకరానికి 12 క్వింటాళ్లు కొనేది కాస్తా ఈ 2025 నవంబర్‌లో 7 క్వింటాళ్లకు దించారు. ఆ పరిమితి పట్టాదారు పేరున నమోదైన పత్తి ఎకరాలను బట్టి. ఒకే పట్టాదారు భూమిని ఇద్దరు ముగ్గురు కౌలుకు చేస్తుంటే కోటా అందరిదీ ఒకటే. ముందు వచ్చినవాడు ఎక్కువ అమ్ముకుంటే వెనకొచ్చినవాడికి మిగలదు. గేటు దగ్గర ఈ తగాదాలు కళ్లారా చూస్తున్నాను. చెల్క తమ్ముడూ, మీ పట్టాదారు వేరేవాళ్లకు కూడా ఇచ్చాడేమో కనుక్కో.

చెల్క_పత్తి:
అందరికీ అప్‌డేట్. డబ్బులు దొరికాయి. బ్యాంకు అన్న చెప్పినట్టే అయింది. హైదరాబాద్‌లో ఇంకో బ్యాంకులో ఆయన తెరిచిన ఖాతాకు సీడింగ్ ఉంది. దానికి ఇచ్చిన ఫోన్ నంబరు కొడుకుది, మెసేజ్ అతనికొచ్చింది, అతను చూసుకోలేదు. పాపం పట్టాదారు మాకంటే ఎక్కువ కంగారు పడ్డాడు.

కానీ నాన్న మొహం వెలగలేదు. ఆయన నాలుగెకరాల కౌలు అరవై వేలు పట్టుకుని మిగతాది పంపించాడు. మామూలుగా మా ఊళ్లో కౌలు ఉగాది లోపు ఇస్తారు, మొత్తం పత్తి అమ్ముడయ్యాక. ఈసారి డబ్బు ముందు ఆయన చేతికి వచ్చింది కాబట్టి ఆయన బాకీ ముందు తీరింది. కౌలు ఆయనకు న్యాయంగా రావాల్సిందే, నాన్న ఏమీ అనలేదు. చేతికొచ్చింది యాభై వేలు. అందులో ముందు ఏరినవాళ్ల కూలి ఇచ్చేశాం. ఎరువుల దుకాణంలో సగమే కట్టాం. ఇన్నాళ్లూ నేను ఖాతా ఎవరిదైతే ఏంటి, డబ్బొస్తే చాలు అనుకున్నా. ఖాతా ఎవరిదైతే వాళ్ల లెక్క ముందు తేలుతుంది.

జిన్నింగ్ అన్న అడిగింది కూడా కనుక్కున్నా. ఆయన పేరున నమోదైంది మొత్తం ఏడెకరాల పత్తి. 49 క్వింటాళ్ల కోటా. మిగతా మూడెకరాలు బోరు కింద ఉన్నాయి, వేరేవాళ్లు చేస్తున్నారు, వాళ్లు అప్పుడే 30 క్వింటాళ్లు అమ్మేశారు. మాది 14. ఇక మిగిలింది 5 క్వింటాళ్లే. రెండో ఏరుడు పత్తి ఇంట్లో పది క్వింటాళ్ల దాకా ఉంది. ఇంటికొచ్చే వ్యాపారి 6,700 అంటున్నాడు.

పట్టా_నాదే:
తమ్ముడూ, నీ పోస్టు చదివి మా కౌలు రైతుతో మాట్లాడాను. మా ఆరెకరాలు ఇద్దరు చేస్తున్నారు. ఎవరి ఎకరాలకు ఎన్ని క్వింటాళ్లో ఇద్దరినీ కూర్చోబెట్టి రాసిస్తున్నాను. కౌలు మాత్రం చివరి ఏరుడు అయ్యాకే తీసుకుంటానని కూడా అందులోనే రాశాను. పట్టాదారులు ఇంకెవరైనా చదువుతుంటే ఇదొక్కటి చేయండి, దీనికి ఏ చట్టం అడ్డు రాదు.

నల్లరేగడి:
ధర ఇలా పడిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2025 ఆగస్టులో పత్తి దిగుమతి సుంకం 11 శాతం ఎత్తేశారు, దాన్ని ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కొచ్చే నెలలు అవి. బయట ధర పడిపోయినప్పుడే మద్దతు ధర అక్కరకు రావాలి, అప్పుడే కోటా తగ్గించారు. తమ్మీ, 6,700కు తొందరపడి మొత్తం ఇచ్చేయకు.

బ్యాంకు_మిత్ర:
చెల్క తమ్ముడూ, మీకు సొంత భూమి ఎకరం లోపు ఉందన్నావు. అందులో ఏం వేశారు? అది మీ నాన్న పేరు మీద ఉందా?

చెల్క_పత్తి:
30 గుంటలు నాన్న పేరు మీదే ఉంది అన్నా. అందులోనూ పత్తే. అది కూడా ఏరి ఈ పది క్వింటాళ్లలోనే కలిపి పోశాం.

జిన్నింగ్_యార్డ్:
అయితే దాన్ని వదులుకోకండి. 30 గుంటలు అంటే ముప్పావెకరం, దానికి ఐదుంబావు క్వింటాళ్ల కోటా వస్తుంది. పంట నమోదులో ఆ సర్వే నంబరుకు పత్తి అని ఎక్కిందో లేదో ఏఈఓ దగ్గర చూపించుకోండి. ఎక్కి ఉంటే మీ నాన్న పేరు మీదే విడిగా స్లాట్ తీసుకోవచ్చు, డబ్బు నేరుగా ఆయన ఖాతాలో పడుతుంది. పట్టాదారు కోటాలో మిగిలిన ఐదు కూడా కలిపితే మీ పత్తి దాదాపు మొత్తం పోతుంది. అవతలి కౌలుదారు ఆ ఐదు తీసుకోకముందే పట్టాదారుతో మాట్లాడి స్లాట్ పెట్టించు.

బ్యాంకు_మిత్ర:
స్లాట్ పెట్టే ముందు మీ నాన్న ఆధార్‌కు ఏ బ్యాంకు సీడింగ్ ఉందో తప్పకుండా చూడు. ఫోన్ నంబరు కూడా. ఆధార్‌లో పాత నంబరు ఉంటే ముందు మీసేవలో గానీ ఆధార్ సెంటర్లో గానీ మార్పించాలి.

చెల్క_పత్తి:
నాన్న ఆధార్‌కు నా నంబరే ఉంది. ఇప్పుడే చూశాను, సీడింగ్ మా ఊరి బ్యాంకులోనే ఉంది. సోమవారం ఏఈఓ సార్ దగ్గరికి పోతున్నాం. పట్టాదారు గారూ, మీరు రాసిన ఆ కాగితం ఫొటో పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలరా? మా పట్టాదారుకు చూపిస్తాను. వచ్చే ఏడాది కౌలు మాట్లాడుకునేది సంక్రాంతి తర్వాతే.

పట్టా_నాదే:
రేపు పెడతాను.